సీజన్ మొదలవకముందే కొత్త హాకీ కోచ్‌ని అంచనా వేయడం ఎలా: రాయగడ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

రాయగడలో మా ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, మైదానంలో రెండూ కలిసిన భాష. చలికాలం వచ్చేసరికి ఈ మూడు చోట్లా ఒకటే మాట నడుస్తుంది. మొన్న మా మేనల్లుడు సైకిల్ కూడా దిగకుండానే అడిగేశాడు: "మావయ్యా, ఈసారి కొత్త కోచ్ అంట కదా, ఎలాంటోడు?"

వాడు అడిగింది హాకీ ఇండియా లీగ్ గురించి. 2013లో మొదలై, 2017 సీజన్ తర్వాత ఆగిపోయి, 2024 డిసెంబర్ 28న రూర్కెలాలో మళ్ళీ ఊపిరి పోసుకున్న లీగ్ అది. ఉండే ఊరిని బట్టి కళింగ లాన్సర్స్ మా జట్టు. మాట్లాడే భాషను బట్టి హైదరాబాద్ తూఫాన్స్ కూడా మాదే. అందుకని ఇక్కడి తెలుగువాళ్ళకి ఇద్దరు కోచ్‌ల బెంగ ఉంటుంది. దానికి తోడు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం లాంటి ఊళ్ళలో నలుగురు చందాలేసుకుని, జీతమిచ్చి కోచ్‌ని పెట్టుకునే చిన్న క్లబ్బులున్నాయి. ఈ వ్యాసం అభిమానులకీ, ఆ కమిటీల వాళ్ళకీ పనికొస్తుంది. డబ్బు స్థాయి వేరైనా చూడాల్సిన విషయాలు ఒకటే.

నేను ఇది రాయడానికి కారణం ఒక తప్పు. కొన్నేళ్ళ కిందట మా పట్టణంలో ఒక క్లబ్బు కమిటీలో నేనూ ఉన్నాను. ఒకాయన దరఖాస్తుతో పాటు లావుపాటి ఫైలు తెచ్చాడు. అందులో సర్టిఫికెట్లు, పెద్దవాళ్ళతో దిగిన ఫోటోలు. పది నిమిషాల్లో ఒప్పేసుకున్నాం. మూడు వారాలు పొద్దున్నే మొరం నేల మీద పిల్లల్ని రౌండ్లు కొట్టించాడు. నలుగురికి మోకాలి కింద ఎముక నొప్పి పట్టుకుంది. మొదటి టోర్నమెంటులో పెనాల్టీ కార్నర్ (గోల్ దగ్గర తప్పు చేస్తే అవతలి జట్టుకి దొరికే ప్రత్యేక అవకాశం) ఇచ్చినప్పుడు బంతి మీదకి ముందు ఎవరు పరిగెత్తాలో మా వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. మూడు వారాలు రోజూ మైదానం దగ్గరే ఉండి కూడా ఆ సంగతి నేను గమనించలేదు. అప్పటి నుంచి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. కింద చెప్పేవన్నీ అందులోంచి తీసినవే.

సీజన్‌కి ముందు గెలుపోటములు ఉండవు కాబట్టి వాటితో కొలవలేం. అప్పుడు చూడగలిగేది ఒకటుంది. కోచ్ దేన్ని చూసీ చూడనట్టు వదిలేస్తాడు, దేన్ని అస్సలు వదలడు? అతని బయోడేటాలో, వేలంలో, ప్రాక్టీసులో, ప్రాక్టీస్ మ్యాచ్‌లో నేను వెతికేది ఇదే.

మొదటి అడుగు: బయోడేటాలో పతకాలు పక్కన పెట్టి, పని వెతకండి

కోచ్ పేరు ప్రకటించిన రోజు వచ్చే వార్తల్లో పతకాలే ఉంటాయి. ఫలానా ప్రపంచ కప్, ఫలానా ఒలింపిక్స్ అని. ఆ జట్టులో అతను హెడ్ కోచా, అసిస్టెంటా? అసిస్టెంట్ అయితే ఏ పని చూశాడు? డిఫెన్సా, కార్నర్లా, వీడియో విశ్లేషణా? ముందు ఈ ముక్క తేల్చుకోండి. ఆ తర్వాత అతను సొంతంగా, తక్కువ వనరులతో నడిపిన జట్టు ఏదైనా ఉందేమో వెతకండి. అసలు స్వభావం అక్కడ బయటపడుతుంది.

మన జాతీయ జట్టు ఉదాహరణే తీసుకుందాం. 2023 ప్రపంచ కప్ భువనేశ్వర్, రూర్కెలాల్లో జరిగింది. క్వార్టర్స్‌కి చేర్చే క్రాస్ ఓవర్ మ్యాచ్‌లో న్యూజిలాండ్ చేతిలో షూటౌట్‌లో ఓడి మనం బయటికొచ్చేశాం. కోచ్ గ్రాహం రీడ్ రాజీనామా చేశారు. టోక్యో ఒలింపిక్స్‌లో 41 ఏళ్ళ తర్వాత పతకం తెచ్చింది ఆయన శిక్షణలోని జట్టే. ఆ మార్చిలో క్రెయిగ్ ఫుల్టన్ వచ్చారు. పేపర్లన్నీ బెల్జియం గురించే రాశాయి. 2018లో మన కళింగ స్టేడియంలో ప్రపంచ కప్, ఆ తర్వాత టోక్యో స్వర్ణం గెలిచిన జట్టు కదా. కానీ ఆ రెండు సార్లూ ఫుల్టన్ అసిస్టెంటు, హెడ్ కోచ్ షేన్ మెక్లియోడ్.

ఫుల్టన్ సొంత పని చూడాలంటే ఐర్లాండ్ దగ్గరికి వెళ్ళాలి. అంత పేరున్న ఆటగాళ్ళు లేని ఆ జట్టు 2015 యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచింది, 108 ఏళ్ళ తర్వాత ఒలింపిక్స్‌కి అర్హత సాధించింది. అలాంటి జట్టు పెద్ద జట్ల మీద నిలబడాలంటే ముందు గోల్ ఇవ్వకుండా ఉండటం నేర్చుకోవాలి. ఈ మనిషి ఇక్కడా ముందు వెనక తలుపులు బిగిస్తాడని ఐర్లాండ్‌ని చూసినవాళ్ళు ఊహించగలిగారు. అలాగే జరిగింది. పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మన సుందర్‌గఢ్ కుర్రాడు అమిత్ రోహిదాస్‌కి రెండో క్వార్టర్లోనే రెడ్ కార్డ్ పడింది. నలభై నిమిషాలకు పైగా పది మందితో ఆడి, బ్రిటన్‌ని 1-1 దగ్గర ఆపి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు.

ఇక్కడి తెలుగువాళ్ళకి ఒక సలహా. మన తెలుగు పేపర్లలో క్రికెట్‌కి పేజీలు పోతాయి, హాకీకి ఒక మూల దొరుకుతుంది. ఒడియా పేపర్లు హాకీని వివరంగా రాస్తాయి. చదవడం రాకపోతే పక్కింటి పిల్లల చేత చదివించుకోండి.

రెండో అడుగు: అతని చేతిలో ఏముందో తెలుసుకోండి

ఇది చాలామంది అడగని ప్రశ్న. జట్టు ఎంపికలో కోచ్ మాట చెల్లుతుందా? సహాయకుల్ని తనే తెచ్చుకున్నాడా, అప్పటికే ఉన్నవాళ్ళతో సర్దుకోవాలా? ఒప్పందం ఎంతకాలం? అధికారం లేని కోచ్‌ని ఫలితాలతో తూకం వేయడం అన్యాయం.

షోర్డ్ మరైన్ సంగతి చూడండి. 2017లో భారత మహిళల జట్టు కోచ్‌గా వచ్చారు. అదే ఏడాది సెప్టెంబర్లో రోలాంట్ ఓల్ట్‌మన్స్‌ని తీసేశాక ఈయన్ని పురుషుల జట్టుకి మార్చారు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో పురుషులు నాలుగో స్థానంలో ఆగిపోగానే మళ్ళీ మహిళల దగ్గరికే పంపారు. చాలామంది ఆయన పని అయిపోయిందనుకున్నారు. అదే మనిషి టోక్యోలో మహిళల జట్టుని ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళారు, క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాని 1-0తో ఓడించి మరీ. కోచ్ మంచివాడా కాదా అని మాత్రమే అడిగితే ఈ కథకి జవాబు దొరకదు. ఈ జట్టుకి, ఈ పరిస్థితికి సరిపోతాడా అని అడగాలి.

చిన్న క్లబ్బులో అయితే ఈ అడుగు ఐదు నిమిషాల పని. ఎంపికలో కమిటీ సభ్యుల పిల్లల కోసం ఎవరూ నోరెత్తరని కోచ్‌కి ముందే కాగితం మీద రాసివ్వండి. రాసివ్వలేకపోతే ఆ తర్వాత కోచ్‌ని తప్పుపట్టకండి.

మూడో అడుగు: వేలాన్ని కోచ్ రాసిన మొదటి ఉత్తరంలా చదవండి

లీగ్‌లో కోచ్‌కి విదేశీ ఆటగాళ్ళతో కలిసి గడిపే సమయం చాలా తక్కువ. వాళ్ళు సీజన్‌కి కొద్ది రోజుల ముందే దిగుతారు. కాబట్టి అతని ఆలోచన ముందుగా కనిపించేది వేలంలోనే. 2024 అక్టోబర్ వేలంలో పురుషుల జట్లకి తలా 4 కోట్ల రూపాయల పరిమితి. జట్టుకి 24 మంది, అందులో కనీసం 16 మంది భారతీయులు, వాళ్ళలో నలుగురు జూనియర్లు, మిగతా 8 మంది విదేశీయులు. హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలకి సూర్మా క్లబ్బుకి వెళ్తే అందరూ ఆ అంకె గురించే మాట్లాడారు. మీరు అంకెలు చూడకండి, ఖాళీలు చూడండి.

నేను చూసే ఖాళీలు మూడు. మొదటిది డ్రాగ్ ఫ్లికర్లు, అంటే పెనాల్టీ కార్నర్‌లో బంతిని స్టిక్‌తో లాగి గోల్‌లోకి విసిరేవాళ్ళు, ఎంతమంది అన్నది. ఒక్కడే ఉంటే ప్రమాదం. ఎందుకో పెనాల్టీ కార్నర్ దగ్గర చెప్తాను. ఆ సీజన్ కప్పు గెలిచిన బెంగాల్ టైగర్స్‌లో జుగ్‌రాజ్ సింగ్ ఉన్నాడు, రూపిందర్ పాల్ సింగ్ కూడా ఉన్నాడు. ఫైనల్లో మన తూఫాన్స్ మీద జుగ్‌రాజ్ మూడు గోల్స్ కొట్టాడు. 4-3తో ఓడిపోయిన ఆ రాత్రి గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. రెండోది, రెండో గోల్‌కీపర్ ఎవరన్నది. పేరుకి ఒకర్ని పెట్టారా, నమ్మి ఆడించగలిగే మనిషినే తెచ్చుకున్నారా? ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన ఎతిమరపు రజని ఏళ్ళ తరబడి భారత జట్టు గోల్‌కీపర్లలో ఒకరిగా నిలబడింది. కీపర్లని తయారు చేయడానికి ఎంత ఓపిక కావాలో ఆమె ప్రయాణం చూసిన తెలుగువాళ్ళకి తెలియాలి. మూడోది, జూనియర్లని ఏ స్థానాలకి తీసుకున్నారన్నది. నలుగురినీ ఫార్వర్డ్‌లుగానే తీసుకుంటే నిబంధన కోసం తీసుకున్నట్టు. ఒకణ్ణి డిఫెన్స్‌లోకి తీసుకుంటే కోచ్ అతన్ని నిజంగా ఆడించాలనుకుంటున్నట్టు.

నాలుగో అడుగు: ప్రాక్టీసులో విజిల్ ఎక్కడ మోగిందో రాసుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. పెద్ద జట్ల ప్రాక్టీస్ చూడాలంటే గేటు దగ్గర అనుమతి దొరకాలి. రాయగడ నుంచి భువనేశ్వర్‌కి హీరాఖండ్ రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు, రూర్కెలాకి కూడా రైల్లో ఒక రాత్రి పోతుంది. వెళ్ళలేనివాళ్ళు జట్లు పెట్టే చిన్న వీడియోలు చూడండి. వీడియోలో గోల్స్ మీద కాకుండా, ఆట ఆగిన చోట కళ్ళు పెట్టండి. ఊరి క్లబ్బు అయితే ఇంకా సుఖం, టీ గ్లాసు పట్టుకుని గట్టు మీద కూర్చుంటే చాలు.

ఒక ఉదయం నేను చూసింది చెప్తాను. ఆ ఫైలు కోచ్ వెళ్ళిపోయాక మేము ఇంకొకర్ని పెట్టుకున్నాం. పెద్దగా పేరు లేని మనిషి, మాట్లాడేది హిందీ. మా పిల్లల్లో కొందరు తెలుగు ఇళ్ళవాళ్ళు, కొందరు ఒడియా వాళ్ళు, ఇద్దరు ముగ్గురు కుయి మాట్లాడే కొండ పల్లెల పిల్లలు. ఆరుగురు ఆరుగురుగా విడిపోయి ఆడుతున్నారు. లెఫ్ట్ హాఫ్ ఆడే కుర్రాడు బంతి తీసుకుని, తన గోల్ ముందు నుంచే అడ్డంగా కుడివైపుకి పాస్ ఇచ్చాడు. అదృష్టం బాగుండి ఎవరూ మధ్యలో అందుకోలేదు. బంతి కుడివైపు నుంచి ముందుకు పోయింది, నాలుగు పాసుల తర్వాత అవతలి గోల్‌లో పడింది. గట్టు మీద మేమంతా చప్పట్లు కొట్టాం.

అప్పుడు విజిల్ మోగింది.

కోచ్ గోల్ కొట్టినవాడి దగ్గరికి పోలేదు. మైదానం మొత్తం దాటి వెనక్కి, ఆ లెఫ్ట్ హాఫ్ దగ్గరికి వచ్చాడు. బంతిని మొదట ఉన్న చోట పెట్టాడు. "ఇక్కడి నుంచి నీకు ఎవరు కనిపిస్తున్నారు?" అన్నాడు. కుర్రాడు తలూపి "హా సార్" అన్నాడు. నూటికి తొంభై మంది కోచ్‌లు ఆ తలూపుతో సరిపెట్టుకుంటారు. ఈయన సరిపెట్టుకోలేదు. "సరే, చెయ్యి చూద్దాం" అన్నాడు. కుర్రాడు మళ్ళీ అదే అడ్డం పాస్ ఇచ్చాడు. అర్థం కాలేదని అప్పుడు తేలింది. కోచ్ మోకాళ్ళ మీద కూర్చుని ఎర్రమట్టిలో నాలుగు నీళ్ళ సీసాలు నిలబెట్టాడు. ఒకటి కీపర్, ఒకటి ప్రత్యర్థి ఫార్వర్డ్, మిగతా రెండు మనవాళ్ళు. కుయి వచ్చిన ఇంకో పిల్లాణ్ణి పిలిచి అతని చేత చెప్పించాడు. మూడోసారి కుర్రాడు బంతిని సైడ్ లైన్ వైపు తిప్పుకుని, లైన్ వెంబడి ముందుకు కొట్టాడు. కోచ్ లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుని, విజిల్ ఊదాడు. ఆట మొదలైంది. ఉపన్యాసం లేదు. మొత్తం మూడు నిమిషాలు పట్టి ఉంటుంది.

ఆ మూడు నిమిషాల్లో నాకు మూడు విషయాలు తెలిశాయి. గోల్ పడినా తప్పుని తప్పుగానే చూశాడు. పిల్లాడు తలూపితే నమ్మకుండా చేతల్లో చూపించమన్నాడు. తన భాష చాలనప్పుడు ఇంకొకరి నోటిని వాడుకోవడానికి నామోషీ పడలేదు. మన సరిహద్దు జిల్లాల్లో ఈ మూడోది మరీ ముఖ్యం. విదేశీ కోచ్ ఇంగ్లీషులో చెప్పింది సుందర్‌గఢ్ పిల్లాడికి సాద్రీలోనో ఒడియాలోనో చేరాలి. మధ్యలో ఎవరు చేరుస్తున్నారో, సరిగ్గా చేరిందని కోచ్ ఎలా తేల్చుకుంటున్నాడో గమనించండి.

మీరు రాసుకోవాల్సిన పద్ధతి తేలిక. విజిల్ మోగిన ప్రతిసారీ ఒక గీత పెట్టి, పక్కన కారణం ఒక్క మాటలో రాయండి: "అడ్డం పాస్", "బంతి పోయాక నిలబడిపోయాడు", "మాట పెరిగింది". వారం తర్వాత ఆ పేజీ చూడండి. రెండు మూడు కారణాలే మళ్ళీ మళ్ళీ కనిపిస్తే కోచ్‌కి ఏం కావాలో తనకి తెలుసు. ప్రతి గీతకీ ఒక కొత్త కారణం ఉంటే, కనిపించినదల్లా దిద్దుతున్నాడు, పిల్లలకి ఏదీ ఎక్కదు. అసలు గీతలే లేకపోతే జీతం దండగ.

శరీర సాధన గురించి ఒక మాట. ఇప్పటి హాకీ నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 15 నిమిషాలు. ఎన్నిసార్లయినా ఆటగాళ్ళని మార్చుకోవచ్చు. ఫార్వర్డ్‌లు కొన్ని నిమిషాలు ప్రాణం పెట్టి పరిగెత్తి, బయటికొచ్చి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ లోపలికి పోతారు. కాబట్టి సాధన కూడా అలాగే ఉండాలి: చిన్న పరుగు, కొంచెం విశ్రాంతి, మళ్ళీ పరుగు. గంటసేపు మైదానం చుట్టూ తిప్పే కోచ్‌ని ఎందుకని అడగండి. మొరం నేల మీద అయితే రెండుసార్లు అడగండి. టర్ఫ్ మీద అలవాటైన కోచ్ గట్టి నేల మీదకి వచ్చినప్పుడు రోజూ పరిగెత్తించే దూరం తగ్గించాడా లేదా అన్నది మొదటి వారంలోనే కనిపిస్తుంది.

కీపర్లతో విడిగా ఎవరైనా పని చేస్తున్నారా, ఆడే పదకొండు మందిలో లేని పిల్లలు గట్టు మీద ఫోన్లు చూసుకుంటున్నారా, వాళ్ళకీ పని చెప్పారా అన్నవి కూడా ఒక కంట చూడండి.

ఐదో అడుగు: పెనాల్టీ కార్నర్‌ని విడిగా పరీక్షించండి

కార్నర్ ప్రాక్టీస్ అంటే చాలామందికి ఫ్లికర్ వరసగా గోల్‌లోకి కొట్టడమే గుర్తొస్తుంది. అది చూడ్డానికి బాగుంటుంది, కోచ్ గురించి ఏమీ చెప్పదు. కార్నర్ ముగ్గురి పని. గీత మీది నుంచి బంతి తోసే ఇంజెక్టర్, డీ (గోల్ ముందు ఉండే అర్ధచంద్రాకారపు గీత) బయట ఆపే స్టాపర్, ఆ తర్వాతే ఫ్లికర్. తోసిన బంతి కొంచెం ఎగిరితే ఆపేవాడి స్టిక్ మీద నుంచి జారుతుంది, అక్కడితో ఎంత గొప్ప ఫ్లికర్ అయినా నిలబడిపోతాడు. మంచి కోచ్ ఇంజెక్టర్ పక్కన నిలబడి చాలాసేపు గడుపుతాడు. ఎవరూ ఫోటో తీయని చోటు అది.

ఇప్పుడు ఫ్లికర్లు ఇద్దరు ఎందుకో చెప్తాను. కార్నర్ ఇచ్చిన క్షణం నుంచి అది పూర్తయ్యేదాకా ఆటగాళ్ళని మార్చడం కుదరదు. డిఫెన్స్ చేసే జట్టు కీపర్ గాయపడినా, సస్పెండ్ అయినా మాత్రమే మినహాయింపు. అంటే మీ ఫ్లికర్ ఊపిరి పీల్చుకోవడానికి బెంచీ మీద కూర్చున్నప్పుడు కార్నర్ వస్తే అతను లోపలికి రాలేడు. కాబట్టి తెలివైన కోచ్ ఇద్దరు ఫ్లికర్లనీ ఒకేసారి బయటికి పంపడు. ఇంజెక్టర్లనీ అంతే. ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఈ ఒక్క విషయం గమనించండి: మొదటి ఫ్లికర్ బయట ఉన్నప్పుడు మైదానంలో ఎవరున్నారు? దీనికి జవాబు సిద్ధంగా ఉన్న కోచ్, మ్యాచ్‌కి కావాల్సిన లెక్క ఇంటి దగ్గరే వేసుకొచ్చాడని అర్థం.

డిఫెన్స్ వైపు కూడా చూడండి. కీపర్‌తో కలిపి ఐదుగురే గోల్ గీత వెనక ఉండొచ్చు, మిగతావాళ్ళంతా సగం గీత అవతల. ఫస్ట్ రషర్ బంతి మీదకి దూసుకెళ్ళాలి, అది ధైర్యంతో పాటు దారి తెలిసి చేసే పని. ఆ దూసుకెళ్ళే దారిని కోచ్ నడిచి చూపిస్తున్నాడా? మోకాలి కవచం, మాస్క్ లేకుండా పిల్లల్ని పంపుతున్నాడా? చిన్న క్లబ్బుల్లో కవచాలు తక్కువ ఉంటాయి, నాకు తెలుసు. లేనప్పుడు గట్టి ఫ్లిక్‌లు వద్దని, నెమ్మదిగా తోయించి దారి మాత్రమే నేర్పే కోచ్‌కి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆరో అడుగు: ప్రాక్టీస్ మ్యాచ్‌లో స్కోరు మూసి పెట్టి చూడండి

2024 ఏప్రిల్‌లో మన జట్టు ఆస్ట్రేలియా వెళ్ళి ఐదుకి ఐదు మ్యాచ్‌లూ ఓడి వచ్చింది. టీ కొట్ల దగ్గర అందరూ కోచ్‌ని మార్చాలన్నారు. ఆగస్టులో పారిస్‌లో అదే ఆస్ట్రేలియాని 3-2తో ఓడించాం. ఒలింపిక్స్‌లో వాళ్ళని గెలవడం 1972 తర్వాత అదే మొదటిసారి. ఆ పైన కాంస్యం కూడా వచ్చింది.

దీన్ని చూసి ప్రాక్టీస్‌లో ఓటములు లెక్కలోకి రావని అనుకోకండి. 2025 జూన్‌లో ప్రో లీగ్ (దేశాల జట్లు ఆడే అంతర్జాతీయ లీగ్) యూరప్ మ్యాచ్‌ల్లో వరసగా ఏడు ఓడాం. అందులో ఆరు ఒక్క గోల్ తేడాతో పోయినవే. ఆ తర్వాత సెప్టెంబర్లో రాజ్‌గిర్‌లో ఆసియా కప్ ఫైనల్లో కొరియాని 4-1తో ఓడించాం. ఒక్క గోల్ తేడాతో ఆరుసార్లు ఓడటం అంటే జట్టు పోటీలో ఉంది, కానీ చివరి నిమిషాల్లో ఏదో జారిపోతోంది అని చదవాలి. స్కోరు మాత్రమే రాసుకున్నవాడికి ఆ ముక్క కనిపించదు.

అందుకని నా పుస్తకంలో స్కోరుకి గడి లేదు. ఉన్న గడులు ఇవి: మన డీలోకి ప్రత్యర్థి ఎన్నిసార్లు వచ్చాడు, మనం వాళ్ళ డీలోకి ఎన్నిసార్లు వెళ్ళాం, ఇచ్చిన కార్నర్లు, తెచ్చుకున్న కార్నర్లు, కార్డులు, ప్రతి క్వార్టర్ చివరి రెండు మూడు నిమిషాల్లో ఏం జరిగింది. కార్డుల పక్కన కారణం రాయండి. గ్రీన్ కార్డ్ అంటే రెండు నిమిషాలు పది మందితో ఆడటం, ఎల్లో అయితే కనీసం ఐదు నిమిషాలు. అలసిపోయి చేసిన తప్పుకీ, అంపైర్‌తో వాదించి తెచ్చుకున్న కార్డుకీ చాలా తేడా ఉంది. రెండో రకం కార్డు ఒక మ్యాచ్‌లో వచ్చి, తర్వాతి మ్యాచ్‌లో రాకపోతే కోచ్ మాట చెల్లుతోందన్నమాట. మళ్ళీ మళ్ళీ వస్తుంటే చూసీ చూడనట్టు వదిలేస్తున్నాడు.

బంతి పోగొట్టుకున్న తర్వాత మొదటి ఐదు సెకన్లు చూడటం అలవాటు చేసుకోండి. అందరి కళ్ళూ బంతి మీద ఉంటాయి, మీరు పోగొట్టుకున్నవాడి కాళ్ళు చూడండి. వెంటనే తిరిగి పరిగెత్తాడా, తల కొట్టుకుంటూ నిలబడ్డాడా? నిలబడితే కోచ్ అతన్ని బయటికి పిలిచాడా? పిలిచి ఏం చేశాడు? కేకలేశాడా, పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పి మళ్ళీ పంపాడా? మొదటి మ్యాచ్‌కీ మూడో మ్యాచ్‌కీ ఈ ఒక్క విషయంలో మార్పు కనిపిస్తే నాకు చాలు, మ్యాచ్ ఓడినా టెన్షన్ పడను.

ఒక జాగ్రత్త. పెద్ద జట్లు కార్నర్ రకాల్ని సీజన్ దాకా దాచుకుంటాయి. ప్రాక్టీస్ మ్యాచ్‌లో కార్నర్లు గోల్ కాలేదని కంగారు పడొద్దు. దాచలేనివి చూడండి: పరుగు, స్థానం, మారే పద్ధతి.

ఏడో అడుగు: మాటలు వినండి, కానీ తక్కువ తూకం వేయండి

విలేకరుల ముందు అందరూ బాగానే మాట్లాడతారు. నేను ఒక్క సందర్భం కోసమే ఎదురుచూస్తాను, జట్టులోంచి ఎవరినైనా తప్పించినప్పుడు. ఆ పిల్లాడికి ముందు చెప్పి, తర్వాత బయట చెప్పాడా? ఏం మెరుగుపరుచుకుంటే తిరిగి రావచ్చో చెప్పాడా? ఊరి క్లబ్బులో అయితే ఆ పిల్లాడి అమ్మనే అడగొచ్చు, ఆవిడ దాచదు.

ఎనిమిదో అడుగు: సీజన్ ముందురోజు రాసి పెట్టుకోండి

మొదటి మ్యాచ్ అయ్యాక మనందరికీ ముందే తెలిసినట్టు అనిపిస్తుంది. అందుకే తేదీ వేసి మూడు వాక్యాలు రాయండి: ఈ కోచ్ జట్టు దేన్లో బాగుంటుంది, దేన్లో దెబ్బ తింటుంది, ఏ ఆటగాడు ఇతని కింద ఎదుగుతాడు. కాగితాన్ని మడిచి ఒక స్నేహితుడికివ్వండి. లీగ్ నెలరోజుల్లోపే ముఖ్యమైన దశకి వచ్చేస్తుంది, కాబట్టి నాలుగో మ్యాచ్ తర్వాత తెరవండి. ఊరి క్లబ్బులో అయితే ముప్పయ్యో రోజున తెరవండి. ఆ గడువు ఒప్పందంలోనే రాసి ఉంటే ఎవరికీ అవమానం ఉండదు. తప్పిన వాక్యం పక్కన, ఏం చూసి అలా అనుకున్నారో రాయండి.

సీసాలు పెట్టి నేర్పిన ఆ కోచ్‌తో మా ముప్పయ్యో రోజు సమావేశంలో నా పుస్తకం ఆయన ముందే చదివాను. ఇంజెక్టర్ పేజీ దగ్గర "రెండోవాడు ఎవరూ లేరు" అని నేను రాసిన చోట ఆయన ఆపించాడు. పుస్తకం అడిగి తీసుకుని, నా పెన్నుతోనే దాని కింద ఒక పేరు రాశాడు. అది లెఫ్ట్ హాఫ్ ఆడే ఆ కుయి కుర్రాడి పేరు. మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి వాడు గీత మీద వంగి బంతి తోస్తున్నాడు, కోచ్ పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు.